జాగ ధర, ఇంటి ధర

మా మేనత్త పోయిందని వదిన ఫోన్ చేసినప్పుడు నేను మేడ్చల్‌లో, మా బడిలో, నాలుగో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఆ పొద్దున అత్త ఎప్పటిలాగే సుచిత్ర చౌరస్తాలో చేపలు అమ్ముకొని వచ్చింది. కాళ్లు కడుక్కొని, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది. తల్లిని చూడడానికి వచ్చిన వదిన చాయ్ పెట్టి లేపితే లేవలేదు. బాత్రూంలో నల్లా కారుతోందని ముందురోజే ఆమె ప్లంబర్‌కు చెప్పిపెట్టిందట. సంగతి తెలియక అతను మర్నాడు పానా పట్టుకొని వచ్చి, వాకిట్లో జనాన్ని చూసి అక్కడే నిలబడిపోయాడు.

మాది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేనే. డిగ్రీలో చేరినప్పుడు నాయిన నన్ను మచ్చ బొల్లారంలో ఉన్న తన అక్క దగ్గర దించాడు. అప్పటికే మామ లేడు, వదిన పెళ్లయి అలియాబాద్‌లో ఉంటోంది. ఆ రెండు గదుల రేకుల ఇంట్లో అత్తా, నేనూ మిగిలాం.

నేను వెళ్లిన కొత్తలోనే ఒక బ్రోకర్ వచ్చాడు. పక్క ప్లాటు కొన్నవాళ్లు దీన్ని కూడా అడగమన్నారట. అతను లోపలికి రాకుండానే, గేటు దగ్గర నిలబడి ధర చెప్పాడు.

"ఇంటికేం రాదక్కా. కొన్నోళ్లు ఎట్లయినా కూలగొడ్తరు. జాగకే పైసలు."

అమ్మే ఆలోచన అత్తకు లేదు. అయినా ఆ మాట ఆమెను వదల్లేదు. సాయంత్రం అన్నం కలుపుకుంటూ ఆగి నన్ను అడిగింది. "గిన్నేండ్లు మనం జాగల ఉన్నమా, ఇంట్ల ఉన్నమా పిల్లా?"

అప్పటి నుంచి చిట్టీ ఎత్తిన ప్రతిసారీ ఇంటికి ఒక పని జరిగింది. ఏ పని ముందు చేయించాలో ఆమె ఎవరినీ అడగలేదు. అపార్ట్‌మెంట్లకు చేపలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు వాళ్ల వంటగదులు, బాత్రూంలు చూసి వచ్చేది. వాకిలి మూలన ఉన్న మరుగుదొడ్డిని ముందు ఇంట్లోకి తెచ్చింది. తర్వాత రేకులు తీయించి స్లాబు వేయించింది. ముందు గదిలో చిన్న కిటికీ తీసేసి పెద్దది పెట్టించింది. వెలుతురు ఉంటే గది పెద్దగా కనిపిస్తుందని, కొనడానికి వచ్చినవాళ్లు ముందు చూసేది అదేనని చెప్పింది. ఎప్పుడూ రాని ఆ కొనేవాళ్ల కోసం పెట్టించిన కిటికీ కిందే నేను నా డిగ్రీ అంతా చదువుకున్నాను.

ఒక్కో పని పూర్తయ్యాక అత్త చెప్పులేసుకొని గేటు బయటికి వెళ్లి, కొనడానికి వచ్చినదానిలా మళ్లీ లోపలికి వచ్చేది. నేను ఇంటి ఓనరమ్మను. బజార్లో చేపలు బేరం చేసేవాళ్లు ఆమెను ఏమేమి అంటారో, అవన్నీ నన్ను అనేది. నిన్నటి సరుకులా ఉందే అనేది, అడిగే ధరకు ముఖం ఉండొద్దా అనేది. నేరుగా వెళ్లి నల్లా తిప్పేది, సింకు కిందికి వంగి పైపులు తడిమేది. నేను నవ్వితే కసిరేది.

"మొప్పలు జూడకుండ చేప గొంటరా? ఇంటికి మొప్పలు గివ్వే."

మొన్న నేను అద్దె గది చూడడానికి పోయినప్పుడు నాకు తెలియకుండానే సింకు కిందికి వంగాను.

చివరగా వంటగది చేయించింది. అంతవరకూ నేల మీద పొయ్యి, నేల మీద కత్తిపీట. ఇప్పుడు నల్ల గ్రానైట్‌తో నడుమెత్తు గట్టు కట్టించింది. కొనేవాళ్లు నిలబడి వండుకుంటారు గనుక అంతే ఎత్తు ఉండాలని మేస్త్రీకి గట్టిగా చెప్పింది. గట్టు తయారైంది గానీ, నిలబడి కోయడం ఆమెకు చేతకాలేదు. రెండో రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి స్టూలు వేసుకొని గట్టెక్కి, పొయ్యి పక్కన కాళ్లు మడిచి బాసిపట్ల వేసుకొని కూర్చుంది. ముందర కత్తిపీట, ఒళ్లో పళ్లెం. "గట్టు వాళ్లది, కూసునుడు నాది" అంది. ఇక ఎప్పుడూ అలాగే. ఇంటికి ఉంచుకున్న చేపను అక్కడే రాళ్ల ఉప్పుతో రుద్దేది. గ్రానైట్ పాడవుతుందని నేనంటే, ఉప్పు తగలని చేప ఎలా తింటావని అడిగేది.

నాకు బడిలో ఉద్యోగం వచ్చిన ఏడాది, ఆమే ఆ బ్రోకర్‌ను పిలిపించింది. అతను వచ్చేసరికి గట్టు మీద కూర్చొని బొచ్చె చేపను కోస్తోంది. దిగలేదు. అంతా చూసి రమ్మని కత్తిపీట మీది నుంచి తల ఎత్తకుండానే చెప్పింది. ఈసారి అతను గది గది తిరిగాడు, నల్లాలు తిప్పాడు, గోడలు తట్టాడు, స్లాబు మీదికి కూడా ఎక్కి వచ్చాడు.

"ఇగ జాగ ధరకు ఎవ్వలకియ్యకు అక్కా. జాగకు జాగ ధర, ఇంటికి ఇంటి ధర."

"మల్లొకసారి జెప్పు."

చెప్పాడు. అత్త చేప ముక్కలు గిన్నెలో వేసి, చేతులు కడుక్కుంది.

"సరే, చాయ్ తాగి పో. అమ్మేది లేదు."

"అమ్మనికి గాకపోతే ఎండల నన్నెందుకు పరేషాన్ జేసినవక్కా?"

"గేటు కాడ నిలవడి అన్న మాట లోపలికొచ్చి మార్చుకుంటవా లేదా అని" అంది అత్త. అతనికి కోపం వచ్చింది, కానీ చాయ్ తాగాడు. చేపల కూర కూడా తిని వెళ్లాడు.

దినాలు అయ్యాక వదిన ఇంటిని అద్దెకివ్వాలనుకుంది. అమ్మమని అడిగినవాళ్లు ఉన్నారు, వదిన ఒప్పుకోలేదు. చూడడానికి ఎవరైనా వచ్చేలోపు గోడలకు రంగు వేయించి, గట్టుకు పాలిష్ పట్టిద్దామని పనివాణ్ని పిలిచింది. నేనూ వెళ్లాను. అతను మిషన్ వైరు ప్లగ్గులో పెట్టి, గట్టంతా తడి గుడ్డతో తుడిచాడు. పొయ్యి పక్కన చెయ్యి ఆపి, ఇక్కడ మెరుపు పూర్తిగా పోయింది, దీనికి ఎక్కువసేపు పడుతుంది అన్నాడు.

వదిన నా వైపు చూసింది. తర్వాత అతనితో అంది. "గదొక్కటి ఉండనియ్యన్నా. మిగిలిందంత పట్టు."

అతను పని ముగించి వెళ్లేసరికి ఎండ వంటగది కిటికీలోకి వచ్చింది. నల్లటి గట్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెరుస్తోంది. పొయ్యి పక్కన మాత్రం, ఒక మనిషి బాసిపట్ల వేసుకొని కూర్చునేంత మేర, రాయి రాయిలాగే ఉంది.