శుక్రవారం మంగూ

మొన్న ఇక్కడ గల్ఫ్‌లో, మలాజ్ పేటలో మా గది కింది మలయాళీ కొట్టులో పచ్చి నేంద్ర అరటికాయలు కనిపించాయి. నాలుగు కొనబోయి, ఒక కాయను చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. బజ్జీలకా అని అడిగాడు కొట్టతను. ఇంత కథ అతనికి చెప్పే ఓపిక లేక అవునన్నాను, చివరికి కొనకుండానే వచ్చేశాను.

ఇదివరకు పనిచేసిన ఖఫ్జీ క్యాంపులో ఎనిమిదేళ్ళు నాతో ఒకే గదిలో ఉన్న పెద్దాయనది డొమినికన్ రిపబ్లిక్. వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్. వెస్టిండీస్ పక్కన దీవి అనగానే నేను ఉత్సాహంగా క్రికెట్ ఎత్తుకున్నాను. వాళ్ళకు బేస్‌బాల్ తప్ప ఇంకోటి పట్టదట. ఆ రోజుకు మా మధ్య ఇక మాటలు మిగల్లేదు. శుక్రవారం సెలవు కనుక పొద్దున్నే లేచి మంగూ చేసేవాడు. పచ్చి అరటికాయలు ఉడకబెట్టి, వెన్న వేసి మెత్తగా మెదిపి, పైన వెనిగర్‌లో మగ్గిన ఎర్ర ఉల్లిపాయలు పరిచి, పక్కన వేయించిన చీజ్, గుడ్డు పెట్టేవాడు. ఆ పుల్లటి ఉల్లి వాసనకే నాకు మెలకువ వచ్చేది. మొదట్లో మా జగిత్యాల నాలుకకు చప్పగా తోచి ఆవకాయ కలుపుకునేవాణ్ణి. ఆయన ఆ ఘోరం చూడలేక ముఖం తిప్పుకునేవాడు. ప్లేటు బల్ల మీదికి వచ్చాకే లేచేవాణ్ణి తప్ప వంటింట్లోకి తొంగి చూసిన పాపాన పోలేదు. భార్య దగ్గర నేర్చుకున్నానని ఒకసారి అన్నాడు. నేను ఊఁ కొట్టి గుడ్డు తిన్నాను.

ఒక మంగళవారం ఆ భార్య చనిపోయిందని ఆయనకు ఫోన్ వచ్చింది. ఆయన ఇకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, గడువు దాటి అప్పటికి రెండు నెలలు. మా చిన్న కాంట్రాక్టు కంపెనీ దాన్ని రెన్యూ చేయించలేదు. అది లేనిదే ఊరెళ్ళి తిరిగి రావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీఎంట్రీ వీసా రాదు. వాళ్ళలో మర్నాడే పూడ్చేస్తారు కాబట్టి దానికి ఎలాగూ అందడు. తొమ్మిది రోజులు ఇంట్లో ప్రార్థనలు చేస్తారట, తొమ్మిదో రోజుకు బంధువులంతా వస్తారట. ఆ రోజుకైనా ఇంట్లో ఉండాలన్నదే ఆయన ఆశ. రోజూ ఆఫీసుకు వెళ్ళి కూర్చునేవాడు. బుక్రా, అంటే రేపు, అని చెప్పి పంపేవారు. మూడు రోజులు టీ తప్ప ఏమీ ముట్టలేదు. నాకు భయం వేసింది.

శుక్రవారం నేనే వంటింట్లోకి వెళ్ళాను. చేతులకు నూనె రాసుకుని రెండు కాయలు చెక్కు తీశాను. అవి ఉడికాక ఏం చేయాలో తోచక ఇంటికి ఫోన్ చేశాను.

"నీళ్ళు వంచి పారబొయ్యి, లేకుంటే జిగట జిగటైతది" అంది మా ఆవిడ. "జెర పోపు గూడ పెట్టు. పాపం, ఆయన నోటికి రుచి తగుల్తది."

మన అరటికాయ కూరకు అదే పద్ధతి. నీళ్ళు వంచేశాను, మెదిపాను, ఆవాలూ కరివేపాకూ వేశాను. ఆయన ముందు పెట్టేసరికి అది గోడలకు పూసే లప్పంలా బిగుసుకుపోయింది. చెంచాతో తట్టి చూశాడు.

"పానీ కిధర్?" అన్నాడు క్యాంపులో నేర్చిన హిందీలో. ఉడికించిన నీళ్ళు ఎక్కడని.

సింకు చూపించాను.

లేచి మిగిలిన రెండు కాయలూ తనే ఉడకబెట్టాడు. ఆ వేడి నీళ్ళే కొంచెం కొంచెంగా పోస్తూ మెదుపుతుంటే ముద్ద వెన్నలా అయింది. చేస్తూనే ఆమె గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె పేరు నేను వినడం అదే మొదటిసారి. బడి పిల్లలకు యూనిఫాంలు కుట్టేదట, కుడుతూ పాడేదట, గొంతు ఏమాత్రం బాగుండేది కాదట. ఏడుస్తూనే సగం ప్లేటు తిన్నాడు. నాకూ ఏడుపు ఆగలేదు. ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి అడిగేవాణ్ణి, ఆయన చెప్పేవాడు.

తొమ్మిదో రోజున మంచం మీద కూర్చుని, ఫోన్‌లో తన ఇంటి నిండా ఉన్న జనాన్ని చూశాడు. ఇకామా పదకొండో రోజున వచ్చింది. రీఎంట్రీ వద్దని, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్ళిపోయాడు. కాలం నాకు ఆయనతో ఎనిమిదేళ్ళు ఇచ్చింది. నీ భార్య ఎలాంటి మనిషి అని అడగడానికి నేను వాడుకున్నది ఆఖరి వారం మాత్రమే.