ఫ్రేముకి అడ్డొచ్చిన మనిషి

ఆ వీధిలో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ జరుగుబాబే. భుజాన కెమెరా వేసుకుని పెళ్ళిళ్ళు తీసే రోజుల్లో ఆ పేరు పెట్టింది లైటు పట్టుకునేవాడో, వడ్డించేవాడో ఎవరికీ గుర్తులేదు. ఎవరు పెట్టినా తప్పు పెట్టలేదు. "జరుగు బాబూ, జరుగు, ఫ్రేము పాడవుతోంది" అనకుండా అతను ఒక్క పెళ్ళీ తీసిన పాపాన పోలేదు. పెళ్ళికొడుకు మేనమామైనా, పెళ్ళికూతురి బామ్మైనా అడ్డం వస్తే జరగాల్సిందే. ఆ పేరు వింటే అతనికి కోపం రాదు సరికదా, మీసం మెలేసేంత గర్వం. "నా ఫ్రేములో ఈగ కూడా నన్నడక్కుండా వాలదు" అని చెప్పుకునేవాడు.

తరవాత ఫోన్లొచ్చాయి. చెయ్యున్న ప్రతివాడూ కెమెరామెనే అయ్యాడు. అతను పనిచేసిన స్టూడియో మూసేస్తూ ముసలి ఓనరు రెండు వీసీఆర్‌లు అతని చేతిలో పెట్టి, "ఇవి చచ్చేదాకా నీకు అన్నం పెడతాయిరా" అన్నాడు. ఇవి అంటే వీసీఆర్‌లా, టేపులా అన్నది ఆయన చెప్పలేదు కానీ మాట మాత్రం నిజమైంది. ఇప్పుడు జరుగుబాబు పని పాత క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించడం. బూజు పట్టిన టేపుని మెత్తటి గుడ్డతో తుడవడం, తెగినచోట అతికించడం, వీసీఆర్‌లో పెట్టి ఆడుతున్నంతసేపూ ఎదురుగా కూర్చోవడం. ఈ పనిలో తొందర అనేది కుదరదు. మూడు గంటల పెళ్ళికి మూడు గంటలూ కాపలా ఉండాల్సిందే. బొమ్మ వణికితే మర తిప్పాలి, శబ్దం పోతే పట్టుకోవాలి.

కొట్టు ఒకే గది. ముందు సగం అతనిది, వెనక సగం అతని భార్యది. మధ్యలో ఒక కర్టెన్. కర్టెన్ వెనక ఆవిడ కుట్టు మిషను టకటకలాడుతూ ఉంటుంది. బొమ్మ చూడకపోయినా టేపుల్లో మాటలన్నీ ఆవిడకి వినపడతాయి. "ఈ పెళ్ళిలో ఆడపడుచు గొంతు చూశావా, ఆ పిల్ల కాపురం ఎలా చేసిందో పాపం" అని మిషను తొక్కుతూనే తీర్పులిస్తుంది. ఊరి పెళ్ళిళ్ళన్నీ వాళ్ళిద్దరి మధ్యే తిరిగేవి.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. పక్క వీధి హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. సంచిలోంచి రెండు క్యాసెట్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది పాటలు కలిపి ఇచ్చిన పెళ్ళి క్యాసెట్టు. బూజు పట్టి ఆగిపోయింది. ఇదేమో కెమెరాలోంచి తీసిన అసలు టేపు. స్టూడియో మూసేసేటప్పుడు ఆయన పిలిచి ఇచ్చేశారు. ఇందులో ఏమైనా వస్తుందేమో చూస్తారా?"

జరుగుబాబు రెండో క్యాసెట్టు మీద స్టిక్కరు చూసి మొహం చాటంత చేసుకున్నాడు. "ఇది మా స్టూడియోనేనమ్మా! నేనక్కడ పెరిగినవాణ్ణే. నలుగురు కెమెరామెన్లం ఉండేవాళ్ళం. కొంచెం అలా జరగండమ్మా, వెలుతురుకి అడ్డం... ఆఁ, టేపు బాగానే ఉంది. అప్పట్లో మా పని ఉక్కండీ."

టీచరమ్మ జరిగి నిలబడింది. "ఇంకో మాట. మా నాన్న ఎక్కడైనా కనపడతారేమో కాస్త చూడండి" అంది.

"పెళ్ళికూతురి నాన్న కనపడకపోవడమేంటమ్మా!"

"స్టేజీ ఎక్కలేదు" అంది ఆవిడ, రోజూ చెప్పే పాఠం చెప్పినంత తేలిగ్గా. "మాది నేను ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. నాన్నకి ఇష్టం లేదు. రిజిస్ట్రార్ ఆఫీసుకి రాలేదు. సాయంత్రం హాల్లో విందుకి వచ్చారు, బస్సు డ్యూటీలోంచి నేరుగా. తలుపు దగ్గర నిలబడ్డారు, నేను చూశాను. మళ్ళీ చూసేసరికి లేరు. తరవాత రమ్మని కబురు పెట్టారు కానీ నేను వెళ్ళలేదు. నా స్టేజీ ఎక్కని మనిషి గుమ్మం నేనెందుకు ఎక్కాలి అనుకున్నాను. పొగరు. ఆ ఏడాదే పోయారు." సంచి జిప్పు వేసుకుంది. "తలుపు దగ్గర నిలబడ్డదైనా ఉంటే చాలు. ఆయన కదిలే బొమ్మ మా ఇంట్లో ఒక్కటీ లేదు."

మర్నాడు పొద్దున అసలు టేపు పెట్టి కూర్చున్నాడు. హాలు, కుర్చీలు, రంగు కాగితాలు, స్టేజీ మీద సోఫా. కెమెరా మెల్లగా హాలంతా తిరిగి, సరిగ్గా పెళ్ళికూతురు నవ్వేవేళకి ఆవిడ మొహం మీద వాలింది.

"తీసినవాడెవడో పనిమంతుడే" అన్నాడు కర్టెన్ వైపు తిరిగి.

"నువ్వు మెచ్చుకున్నావంటే నువ్వే అయ్యుంటావు" అంది భార్య.

అన్నట్టే అయింది. కెమెరా పట్టుకున్నవాడు బొమ్మలో ఎవరికీ కనపడడు. కానీ కెమెరా మైకుకి అందరికన్నా దగ్గరగా ఉండేది వాడి నోరే. అందుకే మిగతా స్టూడియోల్లా కాకుండా ముసలి ఓనరు ప్రతి పెళ్ళికీ మొదట్నుంచి చివరిదాకా పాటలు పరిచేవాడు. మీ కూతలు వింటే పెళ్ళివారు నన్ను తంతారురా అనేవాడు. అసలు టేపు మీద పాట లేదు. కాసేపటికే, వయసులో ఉన్న జరుగుబాబు గొంతు గదంతా నిండింది. "జరుగు బాబూ, జరుగు." కర్టెన్ వెనక ఆవిడ కిసుక్కున నవ్వింది. అతనూ నవ్వాడు.

ఆ తరవాత స్టేజీ మెట్ల దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. ఖాకీ చొక్కా, మోచేతి దగ్గర నూనె మరక. మెట్ల కింద ఆగి రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. వేళ్ళతో జుట్టు సర్దుకున్నాడు. చొక్కా లోపలికి దోపుకున్నాడు. ఫోటోకి నిలబడబోయే మనిషి ఏం చేస్తాడో అన్నీ చేసి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఏయ్ పెద్దాయనా! ఇటెక్కడికి? డ్రైవర్లకి భోజనాలు వెనకవైపు. జరుగు, జరుగు, ఫ్రేము పాడవుతోంది."

"లేదు బాబూ, అమ్మాయిని ఒక్కసారి..."

"చూద్దువుగానిలేవయ్యా. ఇది ఇంటివాళ్ళ ఫోటో. ముందు జరుగు."

పెద్దాయన కెమెరా వైపు చూశాడు. స్టేజీ వైపు చూశాడు. పెళ్ళికూతురు అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. కాలు కిందికి దించుకున్నాడు.

"సరే బాబూ, కానివ్వండి."

ఆయన ఫ్రేములోంచి వెళ్ళిపోయాక కెమెరా వెనక నవ్వు వినిపించింది. లైటు పట్టుకున్నవాడు నవ్వాడు. వాడితో పాటు అప్పటి జరుగుబాబూ నవ్వాడు.

కుట్టు మిషను ఆగిపోయింది.

అతను టేపు ఆపేశాడు. చెవులు వేడెక్కిపోయాయి. ఎంత వెతుక్కున్నా ఆ పెళ్ళి గుర్తు రాలేదు, ఆ పెద్దాయనా గుర్తు రాలేదు. గుర్తే లేకపోవడం ఇంకా సిగ్గనిపించింది. ఏదో పగబట్టి అన్న మాటైతే గుర్తుండేది. ఇది రోజూ అనేదే. ఇలా ఎంతమంది అమ్మల్ని, నాన్నల్ని, పాత చొక్కా వేసుకొచ్చిన అన్నల్ని మెట్ల మీంచి దింపేశాడో! జరుగుబాబు జరుగుబాబని జనం పిలుస్తుంటే ఇన్నేళ్ళూ పళ్ళికిలించాడు. చచ్చిపోతే బాగుండుననిపించింది.

అనిపించినంత మాత్రాన మనిషి మంచివాడైపోడు. చెయ్యి తనకు తెలిసిన పనే చేసింది. కంప్యూటర్లో ఆ ముక్క వెతికి, గొంతులన్నీ తుడిచేసి, దాని మీద వేణువు పరిచాడు. ముసలి ఓనరు దగ్గర నేర్చిన విద్యే.

"పాట పెడుతున్నావా?" అంది భార్య కర్టెన్ వెనకనుంచి.

"ఊఁ. అక్కడ గోల ఎక్కువగా ఉంది."

"గోల కాదు. నువ్వున్నావు."

"ఇప్పుడు తెలిసి ఆవిడకేం లాభమే? మానిపోయిన పుండు. నాన్న మొహం కనపడితే చాలంది, కనపడుతోందిగా."

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది" అంది ఆవిడ. మిషను మళ్ళీ మొదలైంది కానీ ఆ పూట ఇంకెవరి కాపురం మీదా తీర్పు రాలేదు.

టీచరమ్మ సాయంత్రం బడి అయ్యాక వచ్చింది. పెన్‌డ్రైవు చేతికిచ్చి పంపేద్దామనుకున్నాడు. "ఒక్కసారి ఇక్కడే చూపించండి" అంది ఆవిడ. తప్పక టీవీలో పెట్టాడు. తేలు కుట్టిన దొంగలా తను వెనక స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు.

ఆవిడ మొదట నవ్వింది. "అయ్యో, మా ఆయనకి అప్పుడు ఎంత జుట్టు!" అంది. పెద్దాయన మెట్ల దగ్గరికి రాగానే నవ్వు ఆగింది. వేణువు మోగుతోంది. ఆయన చేతులు తుడుచుకున్నాడు, జుట్టు సర్దుకున్నాడు, మెట్టు మీద కాలు పెట్టాడు. నోరు కదిపాడు. కెమెరా వైపు, స్టేజీ వైపు చూశాడు. కాలు దించి వెళ్ళిపోయాడు.

"చూశారా" అంది టీచరమ్మ. "మెట్టు దాకా వచ్చారు. నన్ను చూసి వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర్నుంచే వెళ్ళిపోయారేమో, లోపలికి రావడానికి మొహమాటపడ్డారేమో అని మనసులో ఎక్కడో ఉండేది. కాదు. అంత దగ్గరకొచ్చి, నా మొహం చూసి, వద్దనుకున్నారు. అంత కోపం." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "పోనీలెండి. తెలిసింది. కబురు పెట్టినా వెళ్ళకపోవడమే మంచిదైంది."

జరుగుబాబుకి తల కొట్టేసినట్టయింది. ఒకసారి ఆ పెద్దాయన్ని మెట్టు మీంచి దింపాడు. ఇప్పుడు రెండోసారి, పాట పెట్టి మరీ, కూతురి మనసులోంచి కూడా దింపేస్తున్నాడు.

"అది కోపం కాదమ్మా" అన్నాడు.

"మీకెలా తెలుసు?"

జరుగుబాబు లేచి, అసలు టేపు వీసీఆర్‌లో పెట్టి, అక్కడిదాకా నడిపి వదిలాడు. ఈసారి పాట లేదు. ఉన్నదున్నట్టు వినిపించింది. జరుగు, జరుగు. అమ్మాయిని ఒక్కసారి. ఇంటివాళ్ళ ఫోటో. సరే బాబూ, కానివ్వండి. ఆ నవ్వు.

"మళ్ళీ వెయ్యండి" అంది ఆవిడ.

వేశాడు. మూడోసారి కూడా వేశాడు. ఆవిడ అతని వైపు తిరగలేదు. తెర వైపే చూస్తూ అంది. "మీ గొంతు పెద్దగా మారలేదు."

"నేనేనమ్మా." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. "ఆయనెవరో తెలియదు. తెలియకపోతే మాత్రం అలా అనొచ్చా. పొద్దున నేనే ఆ పాట పెట్టి కప్పేశాను."

"మా నాన్న మిమ్మల్ని బాబూ అన్నారు" అంది టీచరమ్మ. "కబురు పెడితే నేను వెళ్ళలేదు" అంది. అది అతనికి చెప్పిన మాట కాదు. ఆ మాటకి జరుగుబాబు ఇంకా కుంగిపోయాడు. తిట్టినా, ఆ వీసీఆర్ ఎత్తి నెత్తిన వేసినా హాయిగా ఉండేది.

"అమ్మా, నా కూతలన్నీ తీసేసి, ఆయన మాట ఒక్కటీ శుభ్రంగా ఉంచి ఇస్తాను. అది చెయ్యగలను."

"వద్దు." ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది. "మీ మాట తీసేస్తే మా నాన్న ఎవరికి సరే అన్నారో, ఎందుకు దిగిపోయారో మా పిల్లలకి తెలియదు. మీ మాట ఉండాలి. ఆ నవ్వు కూడా ఉండాలి. ఉన్నదున్నట్టు ఎక్కించి ఇవ్వండి. ఎంతసేపు పడుతుంది?"

"టేపు ఎంతుంటే అంతసేపమ్మా."

"ఉంటాను."

టేపు వెనక్కి తిప్పి, మొదట్నుంచి పెట్టాడు. హాలు, కుర్చీలు, రంగు కాగితాలు. కర్టెన్ పక్కకి తీసి భార్య ఒక కుర్చీ తెచ్చి వేసింది. టీచరమ్మ కూర్చోలేదు. తండ్రి వచ్చే చోటు దగ్గరపడుతుంటే ఒక్కో అడుగూ ముందుకు వేసి, తెరకి మూరెడు దూరంలో నిలబడిపోయింది. స్టూలు మీద కూర్చున్న జరుగుబాబుకి ఆవిడ వీపు తప్ప ఏమీ కనపడలేదు. బొమ్మ వణుకుతోందో, నిలిచిందో తెలియాలంటే తెర కనపడాలి. ఎన్నో ఏళ్ళ అలవాటు, మాట నాలుక చివరిదాకా వచ్చింది.

దాన్ని అక్కడే మింగేసి, స్టూలు చప్పుడు కాకుండా ఎత్తుకుని, అతనే పక్కకి జరిగాడు.