నూలు చుట్టే ఆమె కళ్ళు

రెండువేల పదిహేను ఆగస్టు, రెండవ ఆదివారం. హనుమకొండ మీద ముసురు పట్టి ఉంది. తుంపర వేరు, జల్లు వేరు, ముసురు వేరు; మూడింటినీ 'వాన' అని సరిపెట్టే ఈ కాలపు రాతను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. జల్లు వచ్చి పోతుంది. ముసురు తిష్ఠ వేస్తుంది. అది ఉన్నన్నాళ్ళూ తైలవర్ణం ఆరదు. వినోద అనే అమ్మాయి కథకు ఆ ఆరని రంగే మూలం.

ఆమె తండ్రి కట్టయ్య వరంగల్‌లో వినాయక విగ్రహాలు చేసేవాడు. విగ్రహం ఒళ్ళంతా రంగులు వేశాక, తాము తలస్నానం చేసి వచ్చి చివరగా దాని కళ్ళు దిద్ది 'తెరవడం' ఆ ఇంటి ఆచారం. చిన్ననాటి నుంచీ ఆ పని వినోదదే.

ఆదివారాలు చిత్రలేఖనం నేర్పే రమాకాంత్ సారు, అభ్యాసం కోసం ఆమెకొక పాత ఐరోపా చిత్రం ఇచ్చారు: కిటికీ పక్కన చూపు దించుకుని నూలు ఉండ చుట్టే స్త్రీ. గౌను మడతలనూ నీడలనూ అచ్చంగా దించిన వినోద, అలవాటు కొద్దీ కళ్ళు చివరికి ఉంచింది. ఆ ఉదయం తలస్నానం చేసి వచ్చి కుంచె పట్టగానే, చెయ్యి తనకు తెలిసిన పనే చేసింది. తల వంచుకున్న ఆ స్త్రీ కళ్ళెత్తి సూటిగా చూసింది.

మరునాడే సారు విద్యార్థుల బొమ్మల ప్రదర్శన. వినోద బొమ్మ గోడకెక్కడం అదే మొదటిసారి. కట్టయ్య పని మానుకుని వస్తానన్నాడు.

"ఈమె నూలు చుడుతాందా, మనల్ని కాపలా కాస్తాందా?" అన్నారు సారు నవ్వుతూ.

"చేతులకు పని తెలుసు సార్. కండ్లతోటి ఏం పని?"

సారు నవ్వు ఆగింది. నకలు నకలుగానే ఉండాలనీ, రంగు పచ్చిగానే ఉంది గనుక తుడిచి రెప్పలు దించమనీ, లేకుంటే బొమ్మ గోడకెక్కదనీ చెప్పి, టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డ అందించారు. ఒక్క తుడుపు చాలు. వినోద ఆ గుడ్డను మడిచి బల్లమీద పెట్టింది.

"తెరిచిన కండ్లు మల్ల ముయ్యం సార్. మా ఇంట్ల ఆ పద్ధతి లేదు."

గొడుగు బొమ్మకు పట్టి, తాను తడుస్తూ ఆటో ఎక్కింది. ఇంట్లో కట్టయ్య ఒక వినాయకుణ్ణి పక్కకు జరిపి ఆ బొమ్మకు చోటు చేశాడు.

ఏళ్ళు గడిచాక, పాత విద్యార్థుల ప్రదర్శనకు రమ్మని సారు కబురు పంపితే, ఆమె రాసిన జాబు ఇది:

"సారూ, నమస్తే. నిరుడు ఆ బొమ్మను మల్ల వేసిన, ఈసారి చూపు దించి. దించిన రెప్పల మీద ఎంత వెలుగు ఉంటదో అప్పుడు తెలిసింది. మీరు చెప్పిన అభ్యాసం అదే. అయినా మొదటిదాన్ని తుడవలేదు, తుడవను. రెండూ పక్కపక్కన పెడితేనే వస్తాను.

మీ వినోద."