తొమ్మిదో నంబరు పిల్ల మోకాళ్లు

మొన్న క్షవరానికి పోయి కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా టీవీలో బాస్కెట్‌బాల్ ఆట నడుస్తోంది. తెర అడుగున అంకెలు పరుగెడుతున్నాయి. ఫలానా ఆటగాడు, ఫలానా మూల నుంచి, ఆఖరి భాగంలో, తన జట్టు వెనకబడి ఉన్నప్పుడు ఎన్ని వేస్తే ఎన్ని పడ్డాయో చెబుతున్నాయి. వెనక బల్ల మీద తన వంతు కోసం చూస్తున్న ఒకాయన విసుక్కున్నాడు. "ఈ లెక్కలు ఎవనికి కావాలె? గెలిచిండ్రా, ఓడిండ్రా, గంతే గదా!" నేను వాదించలేదు. మెడ మీద కత్తి ఉన్నప్పుడు వాదన మంచిది కాదు. అదీగాక, పాతికేళ్ల కింద సరిగ్గా ఇదే మాట అన్నవాణ్ణి నేను.

అన్నది మా బావతో, అంటే మా అక్క పెనిమిటితో. ఇద్దరం మరాఠీ గడ్డ మీద, గైబీ నగర్‌లో ఒకే సేఠ్ దగ్గర సాంచాలు నడిపేవాళ్లం, తలా నాలుగు. సాంచా అంటే మరమగ్గం. వాటి మోతలో పనిచేసి బావకు చెవులు సగం పోయాయి. చెవులు పోయినవాడు కళ్లతో ఎక్కువ చూస్తాడేమో, నాకు తెలియదు. ఆయన జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. పోగు తెగినప్పుడల్లా పక్కనున్న స్తంభం మీద గీత గీసేవాడు. అన్ని పోగులకూ కాదు. కరెంటు పోయి మళ్లీ వచ్చాక మొదటి అరగంటలో తెగినవాటికే. అదేం లెక్క అని అడిగితే, "దినమంత తెగుతనే ఉంటయ్. ఆగి లేసినంక తెగుతయ్ సూడు, అప్పుడు తెలుస్తది సాంచ బుద్ధి" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే. "బావా, గీతలతోని బట్ట నేస్తవా?" అనేవాణ్ణి. మా అక్కయితే తనకు బదులు ఆ సుద్దముక్కకే తాళి కట్టాల్సింది అనేది. ఒకసారి తప్పులున్న బట్ట వాపసు వచ్చింది. ఎవరికి వాళ్లు పక్కవాడి సాంచా మీదికి తోస్తుంటే, బావ స్తంభం చూపించి, తప్పు తన మూడో సాంచాదే అని చెప్పాడు. అరగంట తిట్లు తిన్నాడు. మరునాడు మళ్లీ సుద్దముక్క తీశాడు.

అప్పుడు మా బిడ్డ తొమ్మిదో తరగతి. పొడుగు మనిషి. బడిలో ఆటల సారు దాని చేతికి బంతి ఇచ్చాడు. ఇంక అది చెయ్యి దిగలేదు. ఇక్కడ మా ఇంటామెకు కండెలు చుట్టి చుట్టి మణికట్టు వాచిపోయింది. పోగు చుట్టిన ఆ కండె లేనిదే సాంచా నడవదు. ఎదిగిన పిల్ల ఉండగా తల్లి ఎందుకు చుట్టాలి? చదువు మాన్పించి కండెల మిషన్ ముందు కూర్చోబెడతానన్నాను. సారు మా ఖోలీకి, అంటే మేముండే ఒంటి గదికి వచ్చి, గడపలో నిలబడే, పదో తరగతి దాకా ఆగమని బతిమాలాడు. ఆ వారంలోనే ఏదో పెద్ద ఆట ఉందన్నాడు. ఆయన పోయాక నేను బిడ్డతో షరతు పెట్టాను.

"ఆట గెలిస్తే పదోది సదువుకో, బంతి ఆడుకో. ఓడితే తెల్లారి నుంచి కండెలు."

"మాట తప్పవు గదా బాపు?"

"తప్ప."

మంచి షరతు కాదు. పిల్ల బతుకును ఒక బంతికి కట్టాను. కానీ పెట్టాను, దాచడం దేనికి?

ఆట శుక్రవారం పడింది. ఆ రోజు మాకు సాంచాలు బంద్. బావ కూడా నా వెంట వచ్చాడు. సుద్దతో గీయడానికి అక్కడ స్తంభం ఉండదని పాత క్యాలెండర్ అట్ట, పెన్సిల్ ముక్క తెచ్చుకున్నాడు. ఎదుటి జట్టు కళ్యాణ్ వైపు నుంచి వచ్చింది. బూట్లు, బనీన్లు అన్నీ ఒక్క రంగు. మావాళ్లవి తలా ఒక తీరు. ఎవరినైనా తోసినా పట్టుకున్నా వాళ్లకు ఊరికే రెండు బంతులు వేయనిస్తారని, అడ్డం ఎవరూ రారని పక్కనున్న కుర్రాళ్లు చెప్పారు. నాకు అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు. బోర్డు మీద మాకు పదహారు, వాళ్లకు ఇరవై ఏడు అని కనిపించగానే లేచాను.

సాంచా మీద బతికినవాడికి ఒకటి తెలుసు. కరెంటు లేని గంటలో నేయని బట్టను తర్వాతి గంటలో కలిపి నేయలేం. సాంచా దాని వేగంతోనే కొట్టుకుంటుంది, తిట్టినా మొక్కినా. పోయిన గజం పోయినట్టే. ఆట కూడా అంతే అనుకున్నాను.

"పా బావా, బట్ట తాను అయిపోయింది."

"కూసో."

"ఏం కూసోవాలె? పదకొండు ఎన్క ఉన్నరు!"

"ఆ తొమ్మిదో నంబరు పిల్లను సూస్తున్న. నువ్వు పో."

"ఎన్కవడ్డది మన పిల్లలు, నువ్వు సూసేది వాళ్ల పిల్లనా? గెలిచిండ్రా, ఓడిండ్రా గని, గీ లెక్కలెందుకు?" అని వచ్చేశాను. గేటు దగ్గర ఒకసారి తిరిగి చూశాను. మా బిడ్డ బంతిని చూడటం లేదు. నన్ను చూస్తోంది.

సాయంత్రం ఇంటికి వచ్చి, "గెలిచినం బాపు" అంది. చేతిలో రంగుల కాగితం ఉంది.

"నా కండ్లతోని సూసొచ్చిన. ఎవలిని పిచ్చోన్ని జేస్తున్నవ్? కాయిదం ఎవలైనా ఇస్తరు."

"సదువు" అని కాగితం నా చేతికిచ్చింది. ఇచ్చాక దానికి గుర్తొచ్చింది. మెల్లగా వెనక్కి తీసుకుంది. నన్ను చిన్నబుచ్చాలని అన్న మాట కాదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది. మా ఇంటామె వంటింట్లో నుంచి, "నడుమ లేసొచ్చుడెందుకు? ఇయ్యాల సాంచలు గూడ లేకపాయె" అంది.

అప్పుడే బావ వచ్చాడు. చెప్పులు విడిచి, నేల మీద అట్ట పరిచాడు.

"గిది ఆ తొమ్మిదో నంబరు. నడుమ ఇరామం దాంక ఊరికిచ్చిన బంతులు ఆరు ఏసింది, ఆరూ పడ్డయ్. ఇరామం తర్వాత నాలుగు ఏస్తే ఒక్కటే. బంతి ముందటి ఇనుముకే తాకుతున్నది. చేతులు మంచిగనే ఉన్నయ్. మోకాళ్లు పోయినయ్. పన్నెండు గంటలు నిలవడేటోనికి మోకాళ్లు తెల్వదా?"

నేను వచ్చేసిన వెంటనే ఆట కాసేపు ఆపారట. బావ తాడు దాటి పోయి మా బిడ్డతో చెప్పాడు. సారు ముందు కసిరాడు, తర్వాత అట్ట చూశాడు. అక్కడి నుంచి బంతి వాళ్లకు చిక్కినప్పుడల్లా మావాళ్లు దాన్ని తొమ్మిదో నంబరు దాకా పోనిచ్చి ఆ పిల్లనే పట్టుకున్నారు. ఆమె ఎనిమిది వేసింది, ఒకటి పడింది. ఇనుముకు తగిలి వచ్చిన బంతులు మావాళ్లకు దొరికాయి. మాకు అంతలో పదమూడు పాయింట్లు వచ్చాయి. ఆఖరికి ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది.

"మన పిల్లది ఎట్లున్నది?" అని అడిగాను.

"పదకొండు ఏసింది. అయిదు పడ్డయ్, ఆరు పోయినయ్."

"అయిదే పోయినయ్ మామా!" అని బిడ్డ ఎగిరిపడింది.

"ఆరే. ఒకటి బోర్డుకు గూడ తాకలే."

"అది వాళ్లు నన్ను నూకిండ్రు!"

"రెఫ్రీ సీటీ ఊదిండా? ఊదలే. ఆరే."

నేను నమ్మింది అప్పుడే. తన సాంచా తప్పును తనే చూపించుకున్న మనిషి, మేనకోడలి తప్పును కూడా ఒక్కటి వదలలేదు. గీతలు చదవడానికి అక్షరాలు అక్కర్లేదు. వేలు పెట్టి నేనూ లెక్కపెట్టాను. ఆ పక్క ఒకటి, ఈ పక్క పదమూడు.

తెల్లారి కండెల మిషన్ ముందు నేనే కూర్చున్నాను, పాలి, అంటే నా షిఫ్టు, మొదలయ్యే ముందు గంటసేపు. మా ఇంటామె చూసి, "వంకర చుడుతున్నవ్" అంది, అంతే. పిల్ల బడికి పోయింది. పదో తరగతీ అయింది, ఆ తర్వాతవీ అయ్యాయి. నేను యాభై దాటాక వాడలో పెద్దవాళ్ల కోసం పెట్టిన బడిలో ముందు తెలుగు నేర్చుకున్నాను, తర్వాత సాగదీసుకుంటూ మరాఠీ. ఆ రంగుల కాగితం తీసి చదివాను. బిడ్డ పేరు, బడి పేరు, మొదటి స్థానం అని ఉంది. పదకొండు వెనకబడి గెలిచారని ఎక్కడా లేదు. ఆ సంగతి రాసి ఉన్న అట్టను మా అక్క పిండి డబ్బా మీద మూతగా పెట్టింది. అది నాని ముక్కలైపోయింది. బావ కూడా లేడు.

ఆట రోజు సాయంత్రం ఆయన తన ఇంటికి పోతుంటే గడపలో ఆపి ఒక్కటి అడిగాను. "నేను లేసొచ్చినప్పుడు ఎంత టైముండె బావా?" ఆయన అట్ట చూడకుండానే చెప్పాడు. "నాలుగు నిమిషాలు." డెబ్బై దాటాను. నా వాళ్ల బతుకులు నా ముందే నడుస్తుంటే, ఇంక చూసేదేముందని ఎన్నిసార్లు లేచి వచ్చేశానో, అట్లా ఎంత కాలం పోగొట్టుకున్నానో చెప్పలేను. ఇంత అని నాకు సరిగ్గా తెలిసినవి ఆ నాలుగు నిమిషాలే.