నాటకంలో పోసిన నీళ్ళు

ముప్పయ్యేళ్ళుగా ఒక అబద్ధానికి చప్పట్లు అందుకుంటున్నాను. ఇక మోయలేను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

మలయాలో బాగన్ దాతుక్ వైపు ఒక కొబ్బరి తోటలో, తెల్లదొరల కాలంలో, కూలి పెంచమని అడిగిన మన తెలుగువాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ళలో ఆ తోటలోనే ఉండే అప్పలమ్మ భర్త ఒకడు. నేను కౌలాలంపూర్‌లో టీచర్ని, గుమాస్తాల ఇంటి పిల్లని. తోట గురించి నాకు తెలిసిందల్లా విన్నదీ చదివిందీ మాత్రమే. ఆ కాల్పుల మీద నాటకం రాయాలని ఆమె దగ్గరకు వెళ్ళాను.

"ఆయన ముంగిట్లో పడిపోయినాడు టీచరమ్మా. నీల్లు, నీల్లు అన్నాడు. నాను కొబ్బరి డొక్కల కుప్ప ఎనక దాక్కున్నాను. సెంబు నా సేతిలోనే ఉంది. ఎల్లలేదు. పొద్దు వాలేదాకా అడిగినాడు. నా పిల్లలకి కూడా సెప్పలేదిది. నువ్వు రాయి. అందరి ముందలా సెప్పించు."

నేను రాయలేదు. నా నాటకంలో ఆమె తూటాల మధ్య పరుగెత్తింది. భర్త తలను ఒళ్ళో పెట్టుకుని నోట్లో నీళ్ళు పోసింది. అతను పద్యం పాడి కన్నుమూశాడు. గొంతెండి చచ్చిన మనిషి చేత పద్యం పాడించాను! హాలంతా ఏడ్చింది.

తెర పడ్డాక ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఏటిది? ఆ పిల్ల ఎవులు?"

"నువ్వే మామ్మా."

"నానా? నాను ఎల్లలేదు! నీకు సెప్పినాను గదా."

"నిజం చెబితే జనం నిన్ను అసహ్యించుకుంటారు మామ్మా."

"అసయ్యించుకోనీ. అందుకే గదా సెప్పినాను."

అప్పటికే ఆడవాళ్ళు ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టడానికి వస్తున్నారు. ఆమె కాళ్ళు లోపలికి లాక్కుంది.

నేను ఆమెను కాపాడానా? లేదు. చెంబు పట్టుకుని కదలకుండా కూర్చున్న భార్యను చూపిస్తే నాకు ఆ చప్పట్లు రావని తెలుసు. దయ అనే మాట తర్వాత వెతుక్కున్నాను. ఏటేటా సభలకు పిలిచి ఆమెకు శాలువా కప్పించాను. ఆమె మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఎవరు నమ్ముతారు? ముసలామెకు మతి తప్పిందనేవారు. ముందుగా నేనే అనేదాన్నేమో. నా మీద నాకే రోత.

పోయిన నెల ఆమె ఆఖరి ఘడియల్లో మనవరాలు నీళ్ళ చెంచా నా చేతికిచ్చింది.

"నువ్వే నీల్లు పొయ్యి, టీచర్. తాతకి మామ్మ పోసినాది గదా."

అప్పలమ్మ పళ్ళు బిగించింది. నీళ్ళు చెంప మీదుగా తలగడలోకి కారాయి. బయటికొచ్చి, తాగిందని చెప్పాను. ఆ అబద్ధం కూడా చెప్పాను.

ఆమె అందరి ముందూ చెప్పించమన్నది ఇంతే: అతను నీళ్ళు అడిగాడు. చెంబు ఆమె చేతిలో ఉంది. ఆమె వెళ్ళలేదు.

రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. ఈ తేలిక కూడా ఆమెకు రావలసిందే.