భయమైతుందని చెప్పిన పెద్దమ్మ

పోయిన బుధవారం మధ్యాహ్నం గద్వాల బస్సు దిగి వచ్చిన పెద్దమ్మ కోడలు వనపర్తిలోని మా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. "అత్తమ్మ పోయింది వదినా. ఇయ్యాల పొద్దుగాల," అంది.

గద్వాలలో మా చర్చి సంఘంలో స్త్రీల ప్రార్థన కూటం నడిపిన ఆమెను మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. పన్నెండేళ్ళ కింద, నేను అన్నిటికంటే ఎక్కువ భయపడిన రోజుల్లో, నా పక్కన కూర్చున్నది ఆమె ఒక్కతే. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాయాల్సి వచ్చింది.

అప్పుడు మేము గద్వాలలోనే ఉండేవాళ్ళం. నాకు ఇరవై నాలుగేళ్ళు, మూడేళ్ళ కూతురు. కుడి మోచేతి కింద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ లేచింది. గిల్లితే నొప్పి తెలియలేదు. సూదితో పొడిచి చూసుకున్నాను, అప్పుడూ తెలియలేదు. అదేమిటో నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. చిన్నప్పుడు మా ఊళ్ళో పెద్దరోగం వచ్చిన ఒకామెను చేను గట్టున గుడిసెలో ఉంచేవాళ్ళు. అన్నం గిన్నె దూరంగా పెట్టి, పేరు పిలిచి, వెనక్కి వచ్చేవాళ్ళు. కుష్టు అనే మాట కూడా ఎవరూ నోటితో అనేవాళ్ళు కాదు.

నేను పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నాను. పాపను మా అత్త పక్కన పడుకోబెట్టాను. "అమ్మ కాడ పండుకుంట" అని అది ఏడుస్తుంటే చెవులు మూసుకునేదాన్ని. ప్రార్థనలో కూడా ఆ మాట పలకలేదు. పలికితే నిజమైపోతుందని భయం.

ఒక శనివారం చర్చి ఊడ్చాక ఆడవాళ్ళమంతా ఆవరణలో టీ కాస్తున్నాం. కాగుతున్న గిన్నె అంచు నా చేతికి ఆనింది. నాకు తెలియనే లేదు. పెద్దమ్మ గభాలున నా చెయ్యి లాగింది. అప్పటికే గుడ్డ మాడి చర్మం బొబ్బెక్కింది. ఆమె నా ముఖంలోకి చూసింది, నీళ్ళు పోసింది.

సోమవారం మా అత్త పొలానికి పోయాక ఇంటికి వచ్చింది.

"ఏంది బిడ్డా అది?"

"తామర పెద్దమ్మా."

ఆమె వాదించలేదు. చాప మీద కూర్చుని చీర మోకాలి దాకా జరిపింది. అక్కడ ఒక పాత మచ్చ ఉంది. "నేను గూడ మా ఇంటాయనకు తామర అనే చెప్పిన. చెల్లె ఇంటికి పోతున్నని దవాఖానకు పోయి మందులు మింగిన. నయమైంది. కానీ ఎవ్వరికి చెప్పలే. దాచుకోకుండ్రి అని కూటంల మీకు చెప్పుకుంట, నేనే దాచుకున్న."

"గిప్పుడు భయం లేదా?"

"ఎందుకు లేదు? నీకు చూపిస్తుంటే కాలు ఎట్ల వణుకుతుందో చూడు."

నిజంగానే వణుకుతోంది. ఆమె నాకు ధైర్యం చెప్పి ఉంటే నా అబద్ధం మీదే నిలబడేదాన్ని. ఆ కాలు చూశాక ఏడుపు ఆగలేదు.

అదే వారం ఇద్దరం బస్సెక్కి దవాఖానకు పోయాం. మందు మొదలుపెడితే ఇంకొకరికి అంటదని, నయమవుతుందని డాక్టరు చెప్పాడు. అయినా ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. పెద్దమ్మ తొందరపెట్టలేదు. "ఊరంతటికి చెప్పకు. ఒక్కరికన్న చెప్పు. ఒక్కదానివే మోస్తే అది నిన్ను తింటది," అనేది.

ఆ నెల, అందరం ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగే సంస్కారపు ఆదివారం, వేళ్ళు వంకరపోయిన ఒక కూలీ తల్లి అయిజ వైపు నుంచి వచ్చి చర్చి వాకిట్లో కూర్చుంది. లోపల గుసగుసలు మొదలయ్యాయి. "ఆమె తాగిన గిన్నెల మేమెట్ల తాగుతం?" అన్నది మా అత్తే. పాస్టరు అయ్యగారు ద్రాక్షరసం గిన్నె పట్టుకుని తటపటాయిస్తున్నారు. పెద్దమ్మ లేచింది.

"ఆ రోగం నాకు గూడ ఉండె. పదేండ్ల సంది ఈ గిన్నెల మీతోనే తాగుతున్న. మీరు తరుముతరని చెప్పలే. గిప్పుడు గూడ భయమైతుంది."

అని వాకిట్లోకి పోయి ఆ తల్లి పక్కన కూర్చుంది. అయ్యగారు గిన్నె తీసుకుని ముందు వాళ్ళిద్దరి దగ్గరికే వెళ్ళారు. రెండు కుటుంబాలు లేచి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత చాలా నెలలు పెద్దమ్మ వండి తెచ్చింది ఎవరూ ముట్టలేదు.

నేనైతే ఆ రోజు లేవలేదు. చెయ్యి కొంగు కింద నొక్కిపట్టుకుని తల వంచుకున్నాను.

ఇంటికి వచ్చాక మాత్రం నా భర్త ముందు జాకెట్టు చెయ్యి పైకి లాగి, దవాఖాన మందులు చూపించాను. ఆయన చూశాడు, బయటికి వెళ్ళిపోయాడు. పుట్టింటికి పంపించేస్తాడని, పాపను ఇక చూడనివ్వరని అనుకుంటూ తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఆయన తిరిగొచ్చి, మా అత్త దగ్గర ఆడుకుంటున్న పాపను ఎత్తుకొచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టాడు. "ఈసారి దవాఖానకు నేనొస్త," అన్నాడు.

నాకు నయమైంది. మా అత్తకు చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది. మిగతా వాళ్ళకు చెప్పనే లేదు.

పోయిన నెల పెద్దమ్మను చూడటానికి వెళ్ళాను. ఊపిరి అందక దిండ్లకు ఆనుకుని ఉంది. "చావంటే భయమైతుంది బిడ్డా, జర చెయ్యి పట్టుకో. నేను ధైర్యంగ పోయిన్నని మాత్రం ఎవ్వర్నీ చెప్పనియ్యకు. అది ఇని, భయపడేటోళ్ళు నోరు మూసుకుంటరు."

సమాధి దగ్గర, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు సరిగ్గా ఆ మాటే అన్నాడు. ఏ భయమూ లేకుండా ప్రభువులో నిద్రించిందన్నాడు. చుట్టూ మా సంఘమంతా ఉంది. ముందుకు జరిగాను.

"లేదు అయ్యగారూ, పెద్దమ్మ భయపడింది. నాతో చెప్పింది. ఆమెకొచ్చిన రోగం నాకూ వచ్చింది. నేను భయంతో చస్తుంటే ఆమె తన భయం నాకు చూపించింది. దాంతోనే బతికిన."

నా పక్కనున్న ఆమె కొద్దిగా జరిగిందో, నాకే అలా అనిపించిందో తెలియదు. పాస్టరు నావైపు చూసి, పుస్తకం మూసేసి, "నాకు గూడ భయమే అక్కా," అన్నాడు, దగ్గరున్న నలుగురికే వినపడేలా. తర్వాత వంగి దోసిలినిండా ఎర్రమట్టి తీసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి జారి, గుంత దాకా చేరకముందే సగం మట్టి ఆయన చెప్పుల మీదనే రాలింది.