పుత్తూరు దగ్గర మట్టిరాజును చూసిన ఉదయం

తిరుపతిలో కాపురముండే వారి ఇంటికి వచ్చే చుట్టాలందరూ అడిగేది ఒకటే: ఏయే గుళ్లు చూడాలి, ఎన్ని గంటలకు బయలుదేరాలి? మా అమ్మాయి గోద మాత్రం వేరే ప్రశ్న వేసింది. ఇది డెబ్బైల చివరి సంవత్సరాల మాట. ఒక కూడలిలో బస్సు కోసం నిలబడి ఉన్నాము. నడుమ దిమ్మె మీద చెయ్యి చాచి నిలుచున్న ఒక పెద్దమనిషి విగ్రహం, దాని తలపై ఒక కాకి. "నాయనా, ఈయనకు ఎవురూ దండం పెట్టరే, ఎందుకు?" అని అడిగింది. దండం పెట్టడానికే దేశమంతా కదిలివచ్చే ఊరిలో పుట్టిన ప్రశ్న అది. ఆ మరుసటి ఆదివారం నుంచి మా ఇంట్లో బొమ్మల వేట మొదలయింది. నేను, నా భార్య అలమేలు, పదేళ్ల గోద, ఒక సంచిలో పులిహోర, ఒక మరచెంబులో నీళ్లు.

నియమాలన్నీ గోదవే. హారతి అందుకునేది దేవుడు కనుక లెక్కలోకి రాదు. బొమ్మ ఆరుబయట ఉండాలి. చేసినవారి పేరు కూడా తెలిస్తేనే వేట పూర్తయినట్లు. మొదటి నియమం వినడానికి సులభం, మా సీమలో పాటించడం కష్టం. పూతలపట్టు కూడలికి కొంత దూరాన ఒక పొలంగట్టు మీద వీరగల్లు ఉందని, అంటే పూర్వం పోరులో పడిపోయిన యోధుని గుర్తుగా నాటిన రాయి ఉందని విని, చిత్తూరు బస్సెక్కి ఎండలో నడిచి వెళ్లాము. మేము చేరేసరికి ఎవరో దానికి పసుపు పూసి టెంకాయ కొట్టి ఉన్నారు. "నిన్నటిదాకా బొమ్మ, ఈ పొద్దు దేవుడు. మీ నాయన ఒక దినం ఆలస్యంగా తీసుకొచ్చినాడు" అని అలమేలు నవ్వింది. మూడో నియమం మరీ కష్టం. దిమ్మెల మీద ఆవిష్కరించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, విరాళమిచ్చినవారి పేరు బిరుదులతో సహా చెక్కి ఉంటాయి. వాటిలోనూ వత్తులు సరిగా ఉండవు, అది వేరే సంగతి. ఉలి పట్టినవాని పేరు మాత్రం ఎక్కడా కనిపించదు.

అందువల్ల గోద ప్రతి బొమ్మకూ వెనుకా కిందా తొంగిచూసేది. ఇంటికి రాగానే చూసినదానిని నేల మీద సుద్దముక్కతో గీసేది. చిత్తూరులో ఒక తోటలో ఉన్న సిమెంటు ఏనుగు వీపు మీద పేరేమైనా ఉందేమోనని పైకెక్కి, అక్కడి నుంచి జారి కుడిచేతి మీద పడింది. మణికట్టుకు పైన ఎముకలు విరిగాయి. "ఇంక చాలు మీ బొమ్మల వేట. గుళ్లో దేవుణ్ణయితే ఎక్కనియ్యకుండా పదిమంది అడ్డం పడతారు. మీరు ఎతికే బొమ్మలకు కాపలా గూడా లేదు" అని అలమేలు తీర్మానించింది. ఎదురు చెప్పేవారు లేరు.

ఎముక విరిగితే మా వైపు జనం పుత్తూరుకే వెళతారు. కోడిగుడ్డు సొనలో ఆకు పసరు కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డతో బిగించే ఆ కట్టు కోసం మద్రాసు నుంచి కూడా వస్తారు. తిరుపతి నుంచి రేణిగుంట మీదుగా బస్సులో గంట పైచిలుకు ప్రయాణం. టిక్కెట్టు అప్పట్లో మనిషికి మూడు రూపాయల లోపే ఉండేది. కట్టు మార్పించడానికి ఆ వేసవిలో పలుమార్లు తిరిగాము. దారిలో ఎన్ని బొమ్మలు కనిపించినా గోద కిటికీలోంచి తల తిప్పి చూసేది కాదు.

చివరిసారి వెళ్లిన రోజున మొదటి బస్సు పట్టుకొని, ఎండ ముదరకముందే పుత్తూరు చేరాము. కట్టు కట్టే పెద్దాయన బద్దలు విప్పి, మోచేతి నుంచి మణికట్టు దాకా వేలితో తడిమి చూశాడు.

"ఎముక బాగా కూడింది అయివారూ. నా పని అయిపోయింది. ఇంక పాప పని ఉండాది. ఏదీ, పిడికిలి ముడువు తల్లీ."

గోద ముడవలేదు. "నొస్తాది" అంది.

"నొస్తే నొస్తాది. ఇన్ని దినాలు కట్టులో ఉన్న వేళ్లు గదా. దినామూ ఆడించకుంటే కట్టెల మాదిరి అట్నే నిలబడిపోతాయి. ఆ పైన నేను కట్టినా రావు, ఎవురు కట్టినా రావు."

నేను బుజ్జగించాను, అలమేలు గద్దించింది. గోద ఆ చేతిని ఎడమచేత్తో పొదివి రొమ్ముకు ఆనించుకొని, కన్నీరు కార్చింది. బడి తెరవడానికి ఎన్నో రోజులు లేవు. బయటికి వచ్చాక అలమేలు గొంతు తగ్గించి, "దానికి ఆ చెయ్యి రాకపోతే ఏం చేస్తామండీ?" అని అడిగింది. పాఠం చెప్పి బతికేవాణ్ణి, బస్సు వేళ కనుక్కుంటానని ముందుకు నడిచాను.

బస్సు నిలిచే చోట మునెప్ప అనే జట్కావాడు గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. "తిరపతి బస్సుకు ఇంకా శానాసేపు ఉండాది సార్. అంతలోకి మా ఊరికి రాండి. ఆడ రాజు పండుకోనుండాడు, సూసి పోదురు" అన్నాడు.

"ఏ రాజప్పా?"

"తొడ ఇరగ్గొట్టించుకునే రాజు సార్, ఇంకెవురు! ఏటేటా సస్తాడు, మళ్లా ఏటికి లేసి వస్తాడు. మా ఊరోళ్ల కంటే గట్టి పిండం."

"మాకు బొమ్మలొద్దప్పా. బొమ్మల వల్లే ఈ గతి" అని అలమేలు ముఖం తిప్పుకుంది.

"మూరెడు బొమ్మనా అది! మీసమే మీ పాపంత పొడుగు ఉంటాది గదమ్మా."

"మీసమా?" అంది గోద. ఏనుగు మీద నుంచి పడ్డాక బొమ్మను గురించి అది అడిగిన మొదటి మాట అదే. కూతురి ముఖం ఒకసారి చూసి, అలమేలు అందరికంటే ముందు జట్కా ఎక్కింది. మునెప్ప రానూపోనూ నాలుగు రూపాయలకు ఒప్పుకున్నాడు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. చిత్తూరు జిల్లాలో చాలా పల్లెలలో ఎండాకాలం పురాణకథను పగలు హరికథగా చెప్పించి, రాత్రి వీధినాటకంగా ఆడిస్తారు. చివరి రోజున గదాయుద్ధం. దానికోసం ఓడిపోయే రాజును ఊరిబయట మైదానంలో వెల్లకిలా పడుకున్నట్లు మట్టితో మలుస్తారు. మేము చూసిన రాజు ఒక వీధి పొడవున పడుకొని ఉన్నాడు. కిరీటానికి పసుపు రంగు, ముఖానికి ఎరుపు, తాళ్లంత లావు నల్లని మీసాలు. గోద తల నుంచి పాదాల దాకా నడిచి, మళ్లీ వెనక్కి వచ్చింది. తొడ మీద పగిలిన చోట చెంగమ్మ అనే కుమ్మరి ఇంటి ముసలామె తడిచేత్తో మెత్తుతోంది.

"అవ్వా, ఇంత బాగా చేసినారే! ఎందుకు కొట్టేది?" అని గోద అడిగింది.

"కొట్టేదానికే గదమ్మే చేసింది. లేకుంటే ఇంత పెద్దోణ్ణి ఎవురు చేస్తారు, ఎవురు మేపుతారు?" అని ముసలామె నవ్వింది. "నువ్వు జాలి పడబాక. వాడికి జాలి పడితే వాన రాదంట."

పదకొండు దాటాక ఇద్దరు వేషధారులు గదలతో వచ్చారు. మట్టిరాజు పొట్ట మీదికెక్కి, కిందికి దూకి, చుట్టూ పరుగెత్తి పోట్లాడుకున్నారు. "ఓడిపోయేవాడే బాగా ఎగురుతుండాడు సూడు!" అని జనంలో ఎవరో కేక వేశారు. చివరికి గద తొడ మీద పడింది. లోపల దాచిన కుండ పగిలి కుంకుమనీళ్లు చిమ్మాయి. మరుక్షణం జనమంతా ఆ విగ్రహం మీద పడ్డారు. ఆ మట్టి పిడికెడు తీసుకెళ్లి గాదెలోనో బియ్యం కుండలోనో వేసుకుంటే ఇల్లు నిండుగా ఉంటుందని అక్కడివారి నమ్మకం.

మేము పాదాల దగ్గర నిలబడిపోయాము. అలమేలు ఒక పిడికెడు తీసి కొంగున కట్టుకుంది. గోద వంగి ఎడమచెయ్యి చాచింది. చెంగమ్మ ఆ చేతిని చటుక్కున పట్టుకుంది.

"ఎడమచేత్తో ఎత్తుకుంటారా ఎవురైనా! కుడిచేత్తో, కుడిచేత్తో."

"దానికి చెయ్యి బాగలేదవ్వా. దాని వంతు నేనే ఎత్తుతాను" అని అలమేలు ముందుకు వచ్చింది.

"నీ పిడికిలి నీది, దాని పిడికిలి దానిది. ఒకరిది ఒకరు ఎత్తేది లేదు. ఊరికే పోతే పోనీ, బలవంతమేముండాది?"

అంతలో ఇంకెవరో బొటనవేలు పెకలించుకొని పోయారు. పాదం మా కళ్లముందే తరిగిపోతున్నది. గోద మా ఇద్దరినీ చూడలేదు. రొమ్ముకు ఆనించుకున్న చేతిని కిందికి దించి తడిమట్టిలో పెట్టింది. వేళ్లు కొంచెం వంగి ఆగాయి. దాని ముఖం ముడుచుకుపోయింది. నేను ఒక అడుగు వేయబోతే అలమేలు నా చొక్కా పట్టుకొని ఆపింది. వేళ్లు మళ్లీ కదిలాయి. మట్టి వేళ్ల సందుల్లోంచి పైకి ఉబికింది. అప్పుడు చెయ్యి పైకెత్తి మాకు చూపించింది. చిటికెనవేలు బయటే ఉండిపోయింది, మిగిలినవి మూసుకున్నాయి. నొప్పికి ఏడుస్తూనే, "అమ్మా, పడిపోలేదు" అంది.

తిరుగు బస్సులో అది ఆ ముద్దను దింపలేదు. అలమేలు దానిని బియ్యం కుండలో వెయ్యలేదు. బడి తెరిచేదాకా రోజూ ఉదయం కాస్త నీళ్లు చల్లి కూతురి చేతిలో పెట్టి, నొక్కమని ఎదురుగా కూర్చునేది. కొంత వేళ్లకు అంటి, కొంత నీళ్లలో కరిగి, రాజు పాదం మా పెరట్లోనే అరిగిపోయింది. గోద చిటికెనవేలు ఈనాటికీ పూర్తిగా ముడవదు. సుద్దముక్క పట్టడానికి అది అడ్డు కాలేదు. చలికాలానికి మళ్లీ మా ఆదివారాలు మొదలయ్యాయి. ఆ తరువాత రాతి విగ్రహాలను, కంచు విగ్రహాలను చాలా చూశాము. అవి చూసేవారిని దూరంగా నిలబెట్టి తాము నిలిచిపోతాయి. ఆ మట్టిరాజు ఒక్కడే తనను పిడికిళ్లుగా పంచి ఇవ్వడానికి సిద్ధమై పడుకున్నాడు. కళ నిలిచి ఉండాలని ఎన్నో ఏళ్లు పిల్లలకు బోధించినవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అంత ధీమాగా చెప్పలేను.

వెళ్లదలచినవారికి ఒక సూచన. ఏ పల్లెలో ఏ రోజో పుత్తూరు బస్టాండులో విచారించి, పది గంటలకల్లా మైదానం చేరుకోండి. పిల్లలు వెంట ఉంటే తొడ దగ్గర నిలబడకండి, జనం మొదట అక్కడికే ఎగబడతారు. పాదాల వైపు ఉండండి. పాదాల మట్టీ ఆ మట్టే.